రాజు గారి తల మీద పొట్లపాదు

సోమవారం, పాకింపు మర్నాడు

లక్ష్యం కుదిరిన ప్రతి మనిషీ రోజూ నాలుగు మాటలు చెప్పి చిట్టాలో ఎక్కించాలని మా ఊరి నియమం. అందుకని చెబుతున్నాను. నా పేరు హైమవతి. నిన్నటి నుంచి నా జీవిత లక్ష్యం పాకలపాటి సన్యాసిరాజు గారి బట్టతల.

నవ్వకు. నువ్వు యంత్రానివి, నీకు నవ్వు రాదని తెలుసు, అయినా ముందే చెబుతున్నాను. నిన్న హాల్లో నవ్వని వాళ్ళం ఇద్దరమే, నేనూ రాజు గారూ.

కింద, భూమ్మీద, పిల్లలకు అన్నప్రాసన చేసినప్పుడు పుస్తకం, కలం, బంగారం, కత్తి ముందు పరిచి పాకిస్తారట. బిడ్డ దేన్ని పట్టుకుంటే పెద్దయ్యాక ఆ దారిలో పోతుందని మురిసిపోయి, సాయంత్రానికి మరిచిపోతారట. మేం మరిచిపోం. చంద్రుడి లోపల తవ్వుకున్న ఈ ఊళ్ళో అయిదేళ్ళకోసారి పెద్దవాళ్ళం కూడా మోకాళ్ళ మీద పాకాలి. అరచేతికి కట్టిన బిళ్ళ మొదట దేన్ని తాకితే అదే మన లక్ష్యం. మా పెద్దల కాలంలో ఒక్కొక్కరూ పేజీలకు పేజీలు లక్ష్యాలు రాసిచ్చేవారట. గాలిమిషను బాగుచేయడం అందరి వరసలోనూ తొమ్మిదోదో పదోదో అయి కూర్చుంది. ఊరంతా ఊపిరాడక తన్నుకున్నాక వాళ్ళకు తెలిసొచ్చిందట, కాగితం మీద మనిషి గొప్పలు పోతాడు గానీ చెయ్యి పోదని. ఒక్క లక్ష్యం తేలాక మిగతాదంతా ముందుచూపు చూసుకుంటుంది. ముందుచూపు అంటే నువ్వే. ఎవరికి ఏ తలుపు తెరవాలో, ఎవరి నీళ్ళు ఎటు మళ్ళించాలో, ఎవరు ఏ పూట ఏం చేయాలో అన్నీ నీ చేతిలోనే ఉన్నాయి. చెయ్యంటూ నీకు లేదు, అది వేరే సంగతి.

నేను తాకాలనుకున్నది మట్టిని. మా అమ్మ కింద నుంచి వచ్చేటప్పుడు బట్టలు తగ్గించుకుని బియ్యం సంచిలో తెచ్చిన మట్టి అది. ఒక తొట్టికి సరిపోయింది. ఊళ్ళో ఉన్న మట్టంతా అదే, మిగతా కూరగాయలన్నీ నీళ్ళ గొట్టాల్లో పెరుగుతాయి. పోయిన పాకింపులో నా చెయ్యి మట్టిని తాకింది కాబట్టి అయిదేళ్ళూ దాన్ని నాకే ఇచ్చావు. పొట్లపాదు పెట్టాను. కాయలు బాగానే కాశాయి, ఒక్కటీ తిన్నగా రాలేదు. కింద పొట్లకాయ చివర చిన్న రాయి కడితే ఆ బరువుకి కాయ తిన్నగా సాగుతుంది. ఇక్కడ రాయికి ఆరో వంతు బరువే. కాయ రాయితో సహా చుట్టుకుని జిలేబీ అయి కూర్చుంటుంది. మా అమ్మ పోయేదాకా ఆ జిలేబీలను చూసి, "ఇదేం కాయే హైమా" అని పెదవి విరిచేది. ఈసారి పెద్ద రాయి సంపాదించాను. పాదు కొత్త పూత మీద ఉంది. ఒక్క కాయ, ఒక్కటంటే ఒక్కటి, తిన్నగా చూడాలి నాకు. ఇంతకంటే పెద్ద కోరికలు నాకు లేవు, ఉన్నాయని అబద్ధమూ చెప్పను.

అందుకే ఎంతో ముందు నుంచి సాధన చేశాను. మా ఆయన వీరభద్రం గారి లక్ష్యం గరిట, ఊరి వంటశాల ఆయనదే. ఆ వంటశాల గచ్చు మీద, నడుముకి ఆ పెద్ద రాయి కట్టుకుని రోజూ పాకాను. బరువు లేకుండా పాకితే ఇక్కడ మనిషి తేలిపోతాడని నా జాగ్రత్త. పాకి పాకి ఒంట్లోకి ఏనుగు బలం వచ్చింది. తీరా నిన్న హాలు వాకిట్లో మా ఆయన, "రాయితో లోపలికి రానివ్వరే, విప్పెయ్" అని ముడి విప్పేశారు.

గంట మోగింది. అలవాటు కొద్దీ రెండు అరచేతులూ ఆనించి ఒక్క తోపు తోశాను. ఆ తర్వాత నాకు గచ్చు తగల్లేదు. పుస్తకం మీదుగా, గరిట మీదుగా, అయ్యో, నా మట్టి మీదుగానే గాల్లో వెళ్ళిపోయాను. చివర కుర్చీలో కూర్చున్న పాకింపు సంఘం కార్యదర్శి సన్యాసిరాజు గారి నడినెత్తిన అరచెయ్యి ఆనించి ఆగాను. చల్లగా, నున్నగా తగిలింది.

"లక్ష్యం, తల. దీనికి ముందు ఏం కావాలి?" అని నువ్వు అడిగావు. అందరినీ అలాగే అడుగుతావు. లక్ష్యం నుంచి వెనక్కి ఒక్కో మెట్టూ చెప్పుకుంటూ రావాలి, అదే ప్రణాళిక.

"నూనె," అన్నారు మా ఆయన వెనక నుంచి.

మంగళవారం

రోజూ పొద్దున్నే తెరుచుకున్న తలుపుల వెంట నడిస్తే మట్టిగది వచ్చేది. ఈ రోజు మట్టిగది తలుపు నాకు తెరుచుకోలేదు. తెరుచుకున్నవన్నీ నన్ను సరాసరి రాజు గారింటికి తీసుకెళ్ళి దిగబెట్టాయి.

రాజు గారి భార్య సూరాయమ్మ గారు గుమ్మంలోనే ఉన్నారు. "రండమ్మా, కూర్చోండి. ముందు కాఫీ తాగండి, తలెక్కడికీ పోదు," అన్నారు.

రాజు గారు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారు. గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. కోపంలో కూడా మర్యాద తప్పరు, అందుకే ఆయనతో పోట్లాడటం కష్టం.

"నాకు మీ మీదేం కోపం లేదండి. రూలు రూలేనండి. కాకపోతే అలా వెనకాల నిలబడి చూడకండి, కితకితలెట్టినట్టుంటందండి," అన్నారు.

"ఇంకొక్కసారి పాకనివ్వండి రాజు గారూ. చచ్చి మీ కడుపున పుడతాను."

ఆయన తల అడ్డంగా ఊపారు. ఊళ్ళో ఏ అర్జీకైనా ఆయన తల ఊపే ముద్ర. అడ్డంగా ఊగితే కాదన్నట్టు, ఊగకపోతే సరేనన్నట్టు నీ లెక్క. నోటితో ఏం చెప్పినా పట్టించుకోవు. ఆయన తల ఊగకుండా ఉన్న సందర్భం ఎవరికీ గుర్తులేదు.

"లక్ష్యం తనంతట తానే వద్దంటే తప్ప రెండో పాకింపు లేదండి. తాతారావు గారు కాలుజారి బకెట్టు మీద పడ్డప్పుడు కూడా ఇదే చెప్పానండి. ఆ బకెట్టు వద్దనలేదండి మరి."

"బకెట్టుకి నోరు లేదు. మీ తలకి ఉందిగా? మీరు వద్దనొచ్చుగా?"

"నా తల వద్దంటే రేపు ఊళ్ళో ప్రతి వస్తువుకీ నోళ్ళొస్తాయండి. ఇన్నేళ్ళు ఎవరికీ సడలించంది నా తలకి సడలిస్తే నన్నెవరు లెక్కచేస్తారండి?"

నూనె రాసి వచ్చేశాను.

గురువారం

ఈ రోజు నువ్వు "ప్రగతి ఎంత?" అని అడిగావు. నిన్నటికంటే బాగా మెరుస్తోందని చెప్పాను. "లక్ష్యం మెరుపా?" అన్నావు. నాకేం తెలుసు? నువ్వే పంపించిన గొడుగు కూడా పట్టాను. ఎండా వానా లేని ఊళ్ళో, ఇంటి లోపల, కూర్చున్న మనిషికి గొడుగు పట్టాను.

దారిలో అందరూ అభినందనలు చెబుతున్నారు. బకెట్టు తాతారావు అయితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నీకేంటమ్మా, నీ లక్ష్యం నీతో మాట్లాడతది. నా బకెట్టు ఇన్నేళ్ళల్లో ఒక్క మాట మాట్లాడలా," అన్నాడు. అతనికి బకెట్టు అంటే ఏం చేయాలో ఈ రోజుకీ తెలియదు. రోజూ నింపుతాడు, పారబోస్తాడు.

వచ్చేటప్పుడు మట్టిగది అద్దంలోంచి చూశాను. ఆకులు వేలాడిపోయాయి. ఒక పువ్వు వెనక చిటికెన వేలంత పిందె పడింది, అప్పుడే వంకర తిరుగుతోంది. నీళ్ళివ్వమని నిన్ను బతిమాలాను. మట్టి ఇప్పుడు ఎవరి లక్ష్యమూ కాదన్నావు. ఎవరిదీ కాని మట్టి నెలాఖరుకి ఇటుకల బట్టీకి పోతుందని కూడా అంతే మర్యాదగా చెప్పావు. అద్దానికి నుదురు ఆనించి ఏడ్చాను. మా అమ్మ చీరలు వదులుకుని తెచ్చిన మట్టిని కాల్చి గోడ కడతారా? నీకు అమ్మ లేదు కాబట్టి నీతో వాదించి లాభం లేదు.

శనివారం

ఈ రోజు నిన్ను గెలిచాను. ఎలా గెలిచానో నీకే చెప్పడం సరదాగా ఉంది.

తలంటు పోస్తుంటే సూరాయమ్మ గారు తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడి నిట్టూర్చారు. "ఎందుకమ్మా మీకీ శ్రమ. నా పెళ్ళయిన కాణ్ణించీ చూత్తున్నాను, ఈ తల మీద ఏదీ మొలవదండి," అన్నారు.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ముందుచూపూ," అని పిలిచాను. "తలకు సంబంధించినవన్నీ నా పరిధిలోకి వస్తాయా?"

"వస్తాయి," అన్నావు.

"తల మీద పెట్టినవి?"

"వస్తాయి."

"అయితే ఈ తలకి మట్టిగదిలో ఉన్న తొట్టి కావాలి. తీగతో సహా."

నువ్వు ఏమీ ఆలోచించలేదు. ఆలోచించేదానివైతే ఇంత దూరం వచ్చేది కాదు. కాఫీ చల్లారేలోపు బండి మీద తొట్టి వచ్చింది. సూరాయమ్మ గారు పాత చీరముక్క చుట్టి, కుండలు మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు తయారు చేశారు.

"ఇదెక్కడి న్యాయమండి!" అని రాజు గారు లేవబోయారు.

"రూలు రూలేనండి," అన్నారు సూరాయమ్మ గారు ఆయన భుజం నొక్కి కూర్చోబెడుతూ. ఆ మాట అనడానికి ఆవిడ కొన్నేళ్ళుగా కాచుకుని ఉన్నట్టనిపించింది.

తొట్టి ఎత్తాం. ఇక్కడ దానికీ ఆరో వంతు బరువే కదా, రాజు గారి మెడ బాగానే ఓర్చుకుంది. చెంబుడు నీళ్ళు పోశాను. మట్టి తడిసిన వాసన గదంతా అలుముకుంది. రాజు గారు కూడా తిట్టబోయి ఒక్కసారి గట్టిగా గాలి పీల్చుకున్నారు.

మంగళవారం

తీగ లేచింది. నులితీగలు రాజు గారి రెండు చెవులకీ చుట్టుకున్నాయి. పిందె ఆయన ఎడమ చెంప పక్కన వేలాడుతోంది.

ఊరికి మాత్రం కొత్త చిక్కు వచ్చింది. తొట్టి నెత్తిన పెట్టుకున్న మనిషి తల అడ్డంగా ఊపలేడు. ఊపితే తొట్టి జారుతుంది, తీగ తెగుతుంది, నా లక్ష్యానికి భంగం కలిగించినందుకు నువ్వు ఆయన్ని బోనెక్కిస్తావు. ఈ సంగతి వీధిలోకి పాకేసరికి ఆయన ఇంటి ముందు బారు కట్టారు. ఇన్నేళ్ళుగా కాదనిపించుకున్న అర్జీలన్నీ దుమ్ము దులుపుకుని వచ్చాయి. ఒకాయన పడకగదుల వీధిలో డోలు నేర్చుకుంటానన్నాడు. మంజూరు. దీపాలన్నీ ఆకుపచ్చవి కావాలని పక్క వీధి వాళ్ళు. మంజూరు. ఉప్మా నిషేధించాలని ఒకావిడ.

"అది మాత్రం వద్దండి! ఒప్పుకోనండి!" అని రాజు గారు నోటితో అరిచారు. తల ఊగలేదు. మంజూరు.

వంటశాలలో మా ఆయన గరిట నేలకేసి కొట్టారు. "నీ పొట్లకాయ నా పొట్టమీద కొట్టింది కదే," అన్నారు. ఆయన చేతి ఉప్మా ఊరంతటికీ ఇష్టమని ఆయన నమ్మకం.

శుక్రవారం

కాయ జానెడు సాగి మళ్ళీ వంకర మొదలుపెట్టింది. ఇక ఆలస్యం చేయలేదు. నేను నడుముకి కట్టుకుని పాకిన రాయే తెచ్చి, నారతో కాయ కొసకి కట్టాను. బరువు సరిపోయింది. కాయ సర్దుకుని తిన్నగా దిగింది. చూస్తుంటే నా గుండె నిండిపోయింది.

రాజు గారికి మాత్రం నిండలేదు. ఆయన మాట్లాడదామని ఎటు తిరిగినా రాయి ఊగి వచ్చి ముక్కుకి తగులుతోంది. అప్పుడే మరో అర్జీ వచ్చింది. హాల్లో కార్యదర్శి కుర్చీ తీసేసి ఆ జాగాలో ఉయ్యాల వేయాలట.

రాజు గారు రాయిని చేత్తో పట్టుకుని, గట్టిగా ఊపిరి తీసుకున్నారు.

"వద్దండి. నేను కార్యదర్శిగా చెప్పట్లేదండి. హైమవతి గారి లక్ష్యంగా చెబుతున్నానండి. నా తల వద్దంటోందండి."

లక్ష్యం తనంతట తానే వద్దంది. అలాంటి నియమం ఒకటుందని నీకు గుర్తొచ్చినట్టుంది. ఆదివారం రెండో పాకింపు అని ప్రకటించావు. ఉయ్యాల కూడా మంజూరు చేశావు.

నాకు సంతోషం కంటే భయం ఎక్కువైంది. ఇప్పటిదాకా తల పుణ్యమా అని మట్టికి నీళ్ళందుతున్నాయి. ఆదివారం నా చెయ్యి మళ్ళీ తప్పిందంటే తల పోతుంది, మట్టి పోతుంది, కాయ తీగ మీదే ఎండిపోతుంది.

ఆదివారం

వరసగా చెబుతాను.

మామూలుగా అయితే మట్టి తొట్టిని నేల మీద పెడతారు. ఈసారి కుదరలేదు. నులితీగలు చెవులు వదలడం లేదు, లాగితే తెగిపోతాయి. మట్టి రాజు గారి తల మీదే ఉండాలి. పాకే మనిషి నిలబడకూడదని నియమం. అంటే రాజు గారే కిందికి రావాలి.

ఈ ఊళ్ళో అందరినీ "మోకాళ్ళు నేల మీదుండాలండి!" అని అదిలించే మనిషి, ఊరంతా చూస్తుండగా తానే మోకాళ్ళ మీద కూర్చున్నారు. నడుం వంచి తల ముందుకు పెట్టారు. ఒక పక్క సూరాయమ్మ గారు, ఇంకో పక్క మా ఆయన తొట్టిని పట్టుకున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గంట మోగింది. నేను తొయ్యలేదు. పసిబిడ్డలా ఒక్కో చెయ్యీ ఒక్కో మోకాలూ కదిపాను. పుస్తకం దాటాను, గరిట దాటాను, తాతారావు తెచ్చి పెట్టిన బకెట్టు దాటాను. రాజు గారి ముఖం ఎదురుగా వచ్చింది. ఆయన నుదుటి మీద చెమట.

"నెమ్మదిగా రండమ్మా, కంగారేం లేదండి," అన్నారు మెల్లగా.

అరచెయ్యి మట్టి వైపు చాచాను. అంతలో ఆయన మాట్లాడిన ఆ కాస్త కదలికకే కాయ ఊగింది. కాయ చివర రాయి ఊగి వచ్చి నా అరచేతిలో ఠంగున బిళ్ళకి తగిలింది.

"లక్ష్యం, రాయి," అన్నావు నువ్వు.

సూరాయమ్మ గారు "అయ్యో తల్లీ" అన్నారు. రాజు గారు కళ్ళు మూసుకున్నారు. నేను గచ్చు మీద కూలబడ్డాను. ఇంత పాకి, ఇంత చేసి, రాయి! బకెట్టుకన్నా అధ్వాన్నం.

"దీనికి ముందు ఏం కావాలి?" అని ఎప్పటిలాగే అడిగావు.

పోయినసారి ఈ ప్రశ్నకి జవాబు మా ఆయన చెప్పారు. తల దేనికి పనికొస్తుందో నాకు తెలియదు మరి. రాయి సంగతి అలా కాదు. రాయి ఎక్కడుండాలో ఈ ఊళ్ళో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. లేచి కూర్చున్నాను.

"రాయి కట్టడానికి పొట్లకాయ కావాలి," అన్నాను.

"మంజూరు. దానికి ముందు?"

"పాదు కావాలి. పాదుకి నీళ్ళు కావాలి. అన్నిటికంటే ముందు మట్టి కావాలి. మా అమ్మ తెచ్చిన మట్టే కావాలి."

"మంజూరు," అన్నావు. ఎంత తేలిగ్గా అన్నావు! ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నాళ్ళు నేలబారుగా బతికానో నీకేం తెలుసు. అక్కడే కూర్చుని భోరుమన్నాను. మా ఆయన తొట్టి పట్టుకున్న చేతులతో నా దగ్గరికి రాలేక, "ఏడవకే, ఏడవకే" అని అక్కడి నుంచే గసిరారు.

ఒక్క మెట్టు మిగిలింది. "పాదుకి పందిరి కావాలి," అన్నాను.

"ఊళ్ళో కర్ర లేదు," అన్నావు. "తీగ ఇప్పటికే సన్యాసిరాజు గారి చెవులను పట్టుకుంది. ఆయనే పందిరి. కార్యదర్శి గారి తల ఊగితే ఇది రద్దు."

సూరాయమ్మ గారు తొట్టిని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. మా ఆయన రాయినీ కాయనూ ఒడిసి పక్కకి జరిపారు. "ఊపాలనుంటే ఇప్పుడూపండి, ఏం తెగకుండా మేం పట్టుకుంటాం," అన్నారు సూరాయమ్మ గారు.

ఇన్నాళ్ళకు రాజు గారి తలకి అడ్డు లేదు. ఆయన నా వైపు చూశారు. తర్వాత కళ్ళు పక్కకి తిప్పి కాయను చూశారు. మూరెడు సాగింది, గీత గీసినట్టుంది. చాలాసేపు చూశారు.

ఆయన తల ఊగలేదు.

ఆ తర్వాత చాలా రోజులకు, బుధవారం

కాయ పూర్తిగా ఎదిగింది. కొస రాజు గారి మోకాలికి తగులుతోంది. ఎక్కడా వంకర లేదు. ఈ ఊరు పుట్టాక ఇంత తిన్నని వస్తువు మొలకెత్తి పెరగడం ఇదే మొదలు. పొద్దున దాన్ని చూసి, "అమ్మా, చూడవే" అని పైకే అనేశాను. ఎవరు విన్నా నాకేం సిగ్గు లేదు.

రాజు గారికి కూడా అలవాటైనట్టుంది. పొద్దున్నే నేను రావడం ఆలస్యమైతే, "నీళ్ళు పోసే వేళయిందండి, నెత్తి ఎండిపోతోందండి" అని కబురు పంపుతున్నారు. ఉయ్యాల కూడా ఆయనకే నచ్చింది, కాయ ఊగకుండా చాలా మెల్లగా ఊగుతున్నారు. మెడ నిటారుగా పెట్టుకుని ఉండటం వల్ల మనిషి పొడుగైనట్టు కనిపిస్తున్నారని సూరాయమ్మ గారు నాతో రహస్యంగా అన్నారు.

ఈ రోజు కోత అని ఊరంతా వచ్చింది. మా ఆయన పెరుగు చిలికి, తాలింపు సిద్ధం చేసుకుని, కత్తి పట్టుకుని నిలబడ్డారు. ఉప్మా పోయినా ఈ పెరుగుపచ్చడితో పరువు నిలబెట్టుకోవాలని ఆయన పంతం.

నేను కాయను నిమిరాను. తుంచాలని చెయ్యి వేశాను. అప్పుడు తట్టింది నాకు. ఇన్నాళ్ళూ లక్ష్యం నుంచి వెనక్కి ఏం కావాలో చెప్పుకుంటూ వచ్చాను గానీ ముందుకి ఒక్కసారీ చూడలేదు. వంకర కాయలను విత్తనానికి ఎన్నడూ వదల్లేదు, అమ్మ మట్టితో పాటు తెచ్చిన విత్తనాల్లో ఆఖరివి ఈ పాదుకే పెట్టేశాను. మొదటి కాయను, మంచి కాయను విత్తనానికి వదలాలి. ఇంత తిన్నని కాయను కోసుకు తింటే వచ్చే ఏడు మళ్ళీ ఏం వేస్తాను?

"ఇది కొయ్యను," అన్నాను. "ఇది విత్తనానికి."

మా ఆయన కత్తి దించేశారు. తాలింపు మాడుతున్న వాసన వచ్చింది. బారు కట్టినవాళ్ళు గిన్నెలు పట్టుకుని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

"అంటే ఇంకా ఎన్నాళ్ళండి?" అన్నారు రాజు గారు.

"పండి ఎర్రబడి తీగ మీదే ఎండేదాకా."

రాజు గారు తల అడ్డంగా ఊపబోయి, కాయ గుర్తొచ్చి ఆగిపోయారు.